కిటికీలోంచి పడిన తువ్వాలు

పెళ్ళయి పంతొమ్మిది రోజులైనా శ్రీదుర్గ మొగుడి పక్కన కూర్చుని ఒక్క ప్రయాణమూ చేయలేదు. కారెక్కితే మధ్యలో అత్తగారుండేవారు. ఇవాళ చల్లపల్లిలో మేనత్త భోజనానికి పిలిస్తే, ఇద్దరే బస్సుకి బయల్దేరారు.

విజయవాడ బస్టాండులో బస్సు ఆగీ ఆగకముందే నిండిపోయింది. మిగిలింది ఒకే ఒక్క జంట సీటు. అందులోనూ కిటికీ వైపు ఎవరో బయటినుంచి వేసి వెళ్ళిన గళ్ళ తువ్వాలు. తువ్వాలుంటే మనిషున్నట్టే. పటమటలో పుట్టిన శ్రీదుర్గకి ఈ సంగతి అఆలకంటే ముందే తెలుసు.

సిద్ధార్థ మజ్జిగ ప్యాకెట్ల కోసం కిందికి దిగాడు. శ్రీదుర్గ అటూ ఇటూ చూసింది. చచ్చిన బొద్దింకను పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో తువ్వాలెత్తి కిటికీలోంచి జారవిడిచి, దర్జాగా కూర్చుంది. సిద్ధార్థ వచ్చి పక్కన కూలబడ్డాడు. స్వర్గం!

ఆ స్వర్గం అరనిమిషమే. రెండు జామ మొక్కలు పట్టుకుని వెంకటప్పయ్య అనే పెద్దాయన వచ్చాడు.

"ఇక్కడ నా తువ్వాలుండాలే అమ్మా?"

"నేను చూళ్ళేదండీ," అంది శ్రీదుర్గ. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం.

సిద్ధార్థ చటుక్కున లేచాడు. "మీరు కూర్చోండి బాబాయ్ గారూ."

బస్సు కదిలింది. శ్రీదుర్గ పక్కన మొగుడికి బదులు వెంకటప్పయ్య, ముక్కు కింద జామాకు. ఆయన ఊరుకోలేదు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. ఇవాళ తువ్వాలు తీసినోడు రేపు హుండీ ఎత్తుకుపోతాడు!"

"బుద్ధి కాదు సార్, రద్దీ," అన్నాడు కండక్టరు. "యాభైమంది బస్సులో తొంభైమంది ఎక్కితే, దేవుడైనా తువ్వాలు తీస్తాడు."

ముందు సీట్లోని కనకవల్లి టీచరు వెనక్కి తిరిగింది. "రెండూ కాదు. పెంపకం! మొక్కై వంగనిది మానై వంగుతుందా? ఆ తల్లెవరో పిలిచి నాలుగు దులపాలి."

శ్రీదుర్గకి చెవులు కాలాయి. తనను హుండీ దొంగన్నా సహించింది గానీ, అమ్మ జోలికా? నోరు విప్పితే సిద్ధార్థ ముందు పరువు పోతుంది. విప్పకపోతే కంకిపాడు వచ్చేలోపు అమ్మను ఉతికి ఆరేస్తారు.

"మా అమ్మని ఏమీ అనకండి! తువ్వాలు పారేసింది నేనే!"

తలలన్నీ ఇటు తిరిగాయి.

"ఎందుకమ్మా?" అన్నాడు వెంకటప్పయ్య, నమ్మలేనట్టు.

"ఈయన పక్కన కూర్చోవాలని," అంది, మొగుడి వైపు చూడకుండా వేలు చూపించి.

ముందు నవ్వింది టీచరు. ఆ తర్వాత బస్సంతా. వెంకటప్పయ్య నవ్వాపుకుంటూ లేచాడు. "నువ్వు కూర్చోవయ్యా! నేను ఉయ్యూరులో దిగిపోతాగా. తువ్వాలు మాత్రం కొత్తది కొనిపెట్టాలమ్మాయ్."

"రెండు కొనిస్తానండీ!"

"ఇలా రండి అన్నయ్యగారూ," అంటూ టీచరు జరిగి ఆయనకు చోటిచ్చింది. జామ మొక్కలు మాత్రం శ్రీదుర్గ ఒళ్ళోకి చేరాయి.

సిద్ధార్థ కూర్చున్నాడు. ఆమె ఒళ్ళోని మొక్కలు పడిపోకుండా సర్దాడు.

"తువ్వాలు పడటం కిందనుంచి చూశాను," అన్నాడు మెల్లగా. "అందుకే ఆయనకి సీటిచ్చాను."

"మరి చెప్పలేదేం?"

"అరనిమిషమైనా నీ పక్కన కూర్చుందామని."

శ్రీదుర్గ జామాకుల చాటున అతని చిటికెనవేలు పట్టుకుంది. ముందు సీట్లో ఇంకా పెంపకం మీదే వాదన నడుస్తోంది.