మూడో చరణంలో డప్పు

ఏబెల్ మాస్టారింట్లో సినిమా పాట వినపడదని తిరువూరులో ఆ వీధి వీధంతటికీ తెలుసు. పొద్దున్నే హార్మోనియం, సాయంత్రం ప్రార్థనకి మళ్ళీ హార్మోనియం. చర్చి క్వయర్ ఆయన చేతిలోనే ముప్పై ఏళ్ళు నడిచింది. కూతురు గ్లోరి ఆరేళ్ళకే ఆల్టో, అంటే కింది స్వరం వరుస పట్టుకుంది. పక్కన ఎంతమంది పైస్వరంలో పాడుతున్నా తన వరుస తప్పేది కాదు. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళు, ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. ఇప్పటికీ ఆ వరుస తప్పదు.

అయినా ఆమెకి ప్రాణం డప్పు. వీధిలో ఊరేగింపు వెళ్తుంటే బోర్డు మీద సుద్దముక్క ఆగిపోయేది. ఆ ఇష్టం ఇంట్లో ఎవరూ నేర్పింది కాదు. "దీనికి చిన్నప్పట్నించీ నెమ్మది లేదు, అందుకే ఆ మోత నచ్చుతుంది" అనేది తల్లి రిబ్కా. నిజమే అనుకునేది గ్లోరి. ఆమెకి నెమ్మదిగా నడవడం కూడా చేతకాదు.

చర్చిలో కోత పండుగ ఇంకా రెండు నెలలుందనగా ఒక సాయంత్రం తండ్రితో చెప్పేసింది.

"నాన్నా, ఈసారి కోత పాటకి డప్పు పెడదాం. నేను వాయిస్తాను."

ఏబెల్ హార్మోనియం మూసేశాడు. "నా క్వయర్లో కుదరదు."

"ఎందుకని?"

ఆయన హార్మోనియం మీద గుడ్డ కప్పాడు. "మీ తాత ఆదిశేషయ్య ఆ డప్పు మెడలో వేసుకుని ఊరూరా తిరిగాడు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళాలి, చావుకి పిలిస్తే వెళ్ళాలి. ఎండలో వాకిలి బయట నిలబడాలి. అన్నం కూడా బయటే. అది నా వరకూ రాకూడదని నన్ను బడికి పంపాడు. నువ్వు దాన్ని తెచ్చి చర్చిలో పెడతానంటావు."

గ్లోరికి ఈ సంగతి ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పలేదు. అయినా తల వంచుకోలేదు.

"తాతని బయట నిలబెట్టింది మనుషులు నాన్నా, డప్పు కాదు. నన్నెవరూ పిలిచి వాయించమనట్లేదు. నాకిష్టమై వాయిస్తానంటున్నా."

ఏబెల్ లేచి లోపలికి వెళ్ళిపోయాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక గ్లోరి షేర్ ఆటో ఎక్కి వినగడప వెళ్ళింది. తాత తమ్ముడు బసవపున్నయ్య అక్కడుంటాడు. ఎనభైకి దగ్గర పడ్డా చేతిలో పట్టు తగ్గని మనిషి. సంగతి విని నవ్వాడు.

"ఏబెలు ఒప్పుకున్నాడా?"

"ఒప్పుకోలేదు చిన్నతాతా. కానీ చెప్పే వచ్చాను."

ఆయన గడ్డిమంట వేసి, డప్పు కాచి, తోలు బిగిశాక ఆమె చేతికిచ్చాడు. నాలుగు ఆదివారాలు గడిచాయి. అయిదో ఆదివారం ఆపమన్నట్టు చెయ్యెత్తాడు.

"లెక్క ఒక్కటీ తప్పట్లేదమ్మాయ్. అది మీ నాన్న పెంపకం. కానీ దెబ్బ పడీ పడకముందే పుల్ల లాగేసుకుంటున్నావు, ఎవరో కోప్పడతారన్నట్టు. అదీ ఆ పెంపకమే."

"నేనెవరికీ భయపడను చిన్నతాతా."

"నువ్వు భయపడవు. నీ చెయ్యి భయపడుతోంది. కొట్టు."

గ్లోరి కొట్టింది. వాకిట్లో కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. బసవపున్నయ్య తొడ చరిచాడు.

ఆ వారం క్వయర్ ప్రాక్టీసుకి ఆమె చిన్నతాత డప్పుతోనే వెళ్ళింది. అందరూ మాస్టారి మొహం చూశారు. ఆయన చూడనట్టే పాట ఎత్తుకున్నాడు. రెండు చరణాలయ్యాయి. మూడో చరణంలో గ్లోరి దరువు అందుకుంది. నాలుగు పంక్తులు సాగాక ఏబెల్ చెయ్యెత్తి ఆపాడు.

"తొందరపడుతున్నావు. పాట వెంట నువ్వు రావాలి, నీ వెంట పాట కాదు" అన్నాడాయన. "మూడో చరణానికి అది నప్పింది, దానికే వాయించు. మొదటి రెండింటిలో నీ ఆల్టో కావాలి నాకు." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "పండగనాడు వరండాలో నిలబడి వాయించు. లోపల పెద్దవాళ్ళుంటారు" అన్నాడు.

"లోపలైతే వాయిస్తాను నాన్నా. కాదంటే ఆల్టో ఒక్కటే పాడతాను. బయట మాత్రం నిలబడను."

ఆ మాట ఎక్కడ తగిలిందో ఇద్దరికీ తెలుసు. ఏబెల్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"లోపలే" అన్నాడు.

పండగనాడు చర్చి నిండా వరికంకులు, గుమ్మడికాయలు, అరటిగెలలు. మూడో చరణంలో డప్పు మోగగానే సంఘపెద్దల్లో ఇద్దరు లేచి బయటికి నడిచారు. గ్లోరి చూసింది. చెయ్యి ఆగలేదు. క్వయర్ వైపు తిరిగి తాళం వేస్తున్న తండ్రి కూడా ఆ అడుగుల చప్పుడు విన్నాడు. వెనక్కి తిరగలేదు. అరచెయ్యి పైకెత్తి, ఇంకా, ఇంకా అన్నట్టు ఊపాడు. ఆమె గట్టిగా కొట్టింది. వెనక వరసల్లో ఆడవాళ్ళు చప్పట్లు కలిపారు.

భోజనాల దగ్గర ఏబెల్ ప్లేటుతో వచ్చి కూతురి పక్కన కూర్చున్నాడు.

"అమ్మలూ, ఇంట్లో మాత్రం వాయించకు. నా హార్మోనియం వినపడదు."

"సాయంత్రం ప్రార్థన అయ్యాకే వాయిస్తాలే నాన్నా" అంది గ్లోరి, ఆయన ప్లేటులో ఇంకో ముక్క వేస్తూ.