వాపస్ మునాదీ

"పాషా! బయటికి రా! నువ్వు సాటిన మాట యాడ పోయింది? ఇయ్యాల అడిగే పోత!"

లింగం పెట్టిన కేకకు సంగారెడ్డి జైలు వెనక సందులో ఒక్కో తలుపూ తెరుచుకుంది. లింగం పటాన్‌చెరులో కౌలుకు దున్నుకునేవాడు. నెమ్మదస్తుడు. అంగట్లో ఎద్దును బేరమాడేటప్పుడు కూడా గొంతు పెంచని మనిషి. అలాంటివాడు పొద్దున్నే బస్సెక్కి వచ్చి ఒకరి గడప ముందు నిలబడి అరుస్తున్నాడంటే కడుపు ఎంత మండి ఉండాలి!

చాంద్ పాషా అన్నం ముందు నుంచి లేచి వచ్చాడు. సంగతి తెలిశాక ఆ అన్నం మళ్ళీ ముట్టలేదు. లింగం కొడుకు సంగప్పను పట్నం కాలేజీ నుంచి పంపించేశారట. పెరిగిన ఫీజు కట్టలేదని పేరు కొట్టేశారట.

"ఫీజు మాఫ్ అన్నది నేనా, లింగన్నా? వకీల్ సాబ్ అన్నడు. పోయి ఆయన్ని అడుగు," అన్నాడు చాంద్ పాషా.

"వకీల్ ఎవరో నాకు తెల్వది. నా ఇంటి ముంగట డోలు కొట్టి చెప్పింది నువ్వు. నువ్వు సాటితె అది జరిగే మాట అనుకున్న. తిండికి, కిరాయికి జత ఎద్దులల్ల ఒకదాన్ని అమ్మి పొల్లగాన్ని పంపిన. ఇప్పుడు నాకు ఎద్దూ లేదు, వానికి సదువూ లేదు."

చాంద్ పాషాకు తల కొట్టేసినట్టయింది. కూర్చోమన్నాడు, అన్నం తినిపొమ్మన్నాడు. లింగం కూర్చోలేదు, మంచినీళ్ళు కూడా ముట్టకుండా వెళ్ళిపోయాడు.

లింగం అడిగినదాంట్లో అన్యాయం లేదు. అది తెలియాలంటే మునాదీ సంగతి చెప్పుకోవాలి. డోలు కొట్టి వీధి వీధికీ కబురు చాటడమే మునాదీ. తప్పిపోయిన బర్రె, కచ్చేరిలో వేలం, కలరా సూదులు, ఏ కబురైనా ఈ చుట్టుపక్కల జనానికి చాంద్ పాషా గొంతులోంచే చేరేది. తాతల నాటి నుంచి ఆ ఇంటికి ఒక కట్టుబాటు ఉంది. చాటిన మాట తప్పని తేలితే, ఎక్కడెక్కడ చాటారో అక్కడికల్లా మళ్ళీ వెళ్ళి, అదే డోలు కొట్టి దాన్ని వెనక్కి తీసుకోవాలి. దాన్ని వాపస్ మునాదీ అంటారు. వేలం ఆగిపోతే వాపస్ మునాదీ. బర్రె దొరికితే వాపస్ మునాదీ. చాంద్ పాషా తండ్రి బాబా మియా ఒకసారి బతికున్న మనిషిని పోయాడని చాటాడు. తప్పు తెలిశాక ఆ మనిషినే వెంటబెట్టుకుని ఊరంతా తిరిగి, "ఇగో, బతికే ఉన్నడు, సూస్కోండ్రి" అని వాపస్ తీసుకున్నాడు. జనం పడీ పడీ నవ్వారు. కానీ ఆ ఇంటి డోలు మోగితే నమ్మొచ్చని కూడా ఆ నవ్వుల్లోనే ఖాయం చేసుకున్నారు. వాపస్ తీసుకోని మాట నిలిచి ఉన్నట్టే లెక్క.

యాభై రెండులో మొదటిసారి ఓట్లొచ్చినప్పుడు గోపాలకిషన్ రావు వకీలు నడుచుకుంటూ ఈ సందులోకి వచ్చాడు. పార్టీల మాటలు చాటే అలవాటు మా ఇంట్లో లేదని చాంద్ పాషా అంటే, "రేపటి సర్కారు మేమే గద, పాషా" అని నవ్వాడు. హైస్కూలుకు వెళ్తున్న పాషా కూతురు ఖుద్సియాను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టాడు.

"ఈ బిడ్డ యూనివర్సిటీకి పోవాలె. ఈమె ఒక్కతే గాదు, జిల్లాల పాసైన ప్రతి బిడ్డ పోవాలె. ఫీజు మాఫ్ చేపిస్త. ఇది సాటు నువ్వు," అన్నాడు.

పోలీసు చర్య నాటి భయం అప్పటికింకా ఆ సందు వదల్లేదు. మగవాళ్ళు తల దించుకుని నడిచే రోజులు. అలాంటప్పుడు ఒక పెద్దమనిషి ఇంటికొచ్చి ఆడపిల్ల తల మీద చెయ్యి పెడితే ఎవరి కళ్ళు చెమర్చవు? చాంద్ పాషా సంగారెడ్డి నుంచి పటాన్‌చెరు దాకా దారి పొడుగునా ప్రతి ఊళ్ళోనూ గొంతు చించుకుని చాటాడు. వకీలు గెలిచాడు. గెలిచాక ఒక ఏడు ఖజానా ఖాళీ అన్నాడు. ఇంకో ఏడు కమిటీ వేశామన్నాడు. ఆ తర్వాత, రాష్ట్రాలు కలవనివ్వండి అన్నాడు. కలిశాయి. కలిసీ కలవకముందే ఫీజు రెండింతలైంది. ఇప్పుడు మళ్ళీ ఓట్లొచ్చాయి.

లింగం వచ్చివెళ్ళిన సాయంత్రమే ఖుద్సియా పట్నం నుంచి దిగింది. మేనత్త ఇంట్లో ఉండి బి.ఏ. చివరి ఏడు చదువుతోంది. ఆ సందులో మగపిల్లలు కూడా అంత చదువు చదవలేదు. అది పాసైతే ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే ఉస్తానీ ఉద్యోగం ఖాయమని హెడ్ మిస్ట్రెస్ ఎప్పుడో చెప్పి ఉంచింది.

"అబ్బా, ఈ నెలల ఫీజు కట్టకపోతె ఇంతియాన్‌కు కూసోనియ్యరట," అంది తండ్రితో, బురఖా తీసి కొక్కేనికి తగిలిస్తూ.

పరీక్ష పోతుందని ఏడుస్తుందేమోనని చాంద్ పాషా భయపడ్డాడు. ఏడవలేదు. ముక్కుపుటాలు అదురుతున్నాయి. "మా క్లాసుల జిల్లా పిల్లలే కనవడ్తలేరు, అబ్బా. బెంచీలు ఖాళీగున్నయి. మాఫ్ అని ఎవరన్నరో వాల్లని నేనొక్కపారి సూడాలె," అంది.

మర్నాడు చాంద్ పాషా వకీలు బంగళాకు వెళ్ళాడు. వాకిట్లో జీపుకు లౌడ్ స్పీకర్ కడుతున్నారు. వకీలు అతన్ని చూసి ముఖమంతా నవ్వు చేసుకున్నాడు.

"నూరేండ్లు నీకు! నేనే పిలుద్దామనుకుంటున్న. ఎల్లుండి గంజ్‌ల మీటింగు. లౌడ్ స్పీకర్ ఉన్నది గని, మనోల్లు నీ డోలునే నమ్ముతరు. ఈసారి ఏమని సాటాల్నంటె, పటాన్‌చెరులనే కాలేజీ, ఫీజు సగం."

"మొదటిది వాపస్ సాటకుంట రెండోది ఎట్ల సాటుత, వకీల్ సాబ్?"

వకీలుకు అర్థం కాలేదు. చాంద్ పాషా తమ ఇంటి కట్టుబాటు చెప్పాడు. మాఫ్ అన్న మాట నిజం చెయ్యండి, లేదా వాపస్ తీసుకోనివ్వండి అన్నాడు. వకీలు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అయిదేండ్ల కింది మాట ఎవనికి యాదుంటదయ్యా?"

"లింగానికి యాదుంది."

"లింగం ఎవడు?"

ఎద్దునమ్ముకున్న మనిషిని పట్టుకుని ఎవడంటున్నాడు ఈయన! వకీలు కుర్చీ ముందుకు లాక్కుని గొంతు తగ్గించాడు.

"నీ బిడ్డ సంగతి నాకెరుకే. ఆమె ఫీజు నేను కడ్త, నా జేబులకెల్లి. ఎవరికి చెప్పకు. పోయి డోలు తెచ్చుకో."

నిజం చెప్పాలంటే చాంద్ పాషా మనసు ఊగింది. ఖుద్సియా పరీక్ష కళ్ళ ముందు కదిలింది. సరేననడానికి నోరు తెరిచి కూడా, వేరే మాట అన్నాడు.

"మరి లింగం కొడుక్కు?"

"అందరికి నేనేడికెల్లి తేవాలె?"

"అందరికనే గద నాతోని సాటిపిచ్చింది!"

వకీలు ముఖంలో నవ్వు మాయమైంది. "పాషా, జబాన్ జెర సంభాలించుకో. రజాకార్ల రోజులల్ల మీ సందుల ఎవరెవరు ఏమేం చేసిండ్రో నేను మర్సిపోయిన గని, పోలీసోల్లు మర్సిపోలే."

చాంద్ పాషా ఆ రోజుల్లో చేసిందల్లా పెళ్ళాం బిడ్డల్ని ఇంట్లో పెట్టుకుని తలుపు గడియ వేసుకోవడమే. ఆ సంగతి వకీలుకూ తెలుసు. తెలిసీ అన్నాడు. చాంద్ పాషా ఒళ్ళు భగ్గుమంది. సలాం కూడా చెయ్యకుండా మెట్లు దిగాడు.

ఇంట్లో ఆ సంగతి వినగానే భార్య అక్తరీ బేగం విరుచుకుపడింది. "తీస్కుంటె ఏమైతది? బిడ్డ ఇంతియాన్ కన్న నీకు డోలు ఎక్కువనా? లింగం వచ్చి మనకు అన్నం పెడ్తడా?" అంది. చాంద్ పాషా తెల్లారి డోలు మెడలో వేసుకుని పటాన్‌చెరు బస్సెక్కాడు.

అంగట్లో డోలు మోగించగానే జనం మూగారు.

"వినుండ్రి! అయిదేండ్ల కింద ఈ జాగలనే, కాలేజీ ఫీజు మాఫ్ అని నేను సాటిన. సాటిపిచ్చింది గోపాలకిషన్ రావు వకీల్. ఆ మాట ఝూటా అయింది. దాన్ని వాపస్ తీస్కుంటున్న. ఇగ దాన్ని నమ్మకుండ్రి!"

ముందు ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. లింగం గుంపులోంచి ముందుకొచ్చి చాంద్ పాషా పక్కన నడవడం మొదలుపెట్టాడు. దారిలో ఒక్క ఊరూ వదల్లేదు. రాత్రికి ఎవరో అరుగు మీద పడుకోనిచ్చారు. కొడుకు చదువు ఆగినవాళ్ళు, ఆగుతుందేమోనని భయపడుతున్నవాళ్ళు తోడయ్యారు. మీటింగు నాటి సాయంత్రానికి సంగారెడ్డి గంజ్‌లో అడుగు పెట్టేసరికి చాంద్ పాషా వెనక పెద్ద గుంపే ఉంది.

వేదిక మీద వకీలు ఇదంతా చూశాడు. కోప్పడతాడనుకున్నారు అందరూ. కోప్పడితే ఆయన వకీలెందుకవుతాడు? మైకు దగ్గరికి జరిగి మెత్తగా అన్నాడు.

"చాంద్ పాషా మనోడే. పాపం, ఇంట్ల పరేషానీ ఉన్నది. ఆయన బిడ్డ ఫీజు నేనే ఇచ్చిన. పొద్దుగాల మా మనిషి ఇంటికి పోయిండు. అక్తరీ బేగం తన చేతులతోని తీస్కున్నది. నేను మాట తప్పెటోన్నైతె ఇస్తునా, మీరే చెప్పుండ్రి!"

గంజ్ అంతా గుసగుసలాడింది. అంతదాకా వెంట నడిచినవాళ్ళు చాంద్ పాషా ముఖంలోకి చూశారు. పరదా చాటున బతికే ఇల్లాలి పేరు మైకులో ఊరందరి చెవుల్లో పోశాడు వాడు. ఆ మాటకే చాంద్ పాషా చెవులు చిల్లులు పడ్డాయి. కానీ లింగం అడిగింది అంతకన్నా కోసింది.

"తీస్కున్నవా, పాషా?"

"నాకు తెల్వది, లింగన్నా. అల్లా కసమ్, నేను ఇంట్లనే లేను," అన్నాడు. ఆ మాట తనకే అబద్ధంలా వినిపించింది. ఇరవై ఏళ్ళు ఊరు నమ్మిన గొంతు నమ్మమని బతిమాలుకుంటోంది.

అప్పుడు ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచి ఒక బురఖా లేచింది. జనాన్ని తోసుకుంటూ వేదిక మెట్లెక్కింది. పైకెక్కాక ముసుగు ఎత్తేసింది. ఖుద్సియా! చేతిలో ఒక రుమాలు మూట ఉంది. దాన్ని వకీలు ముందున్న బల్ల మీద పెట్టింది.

వకీలు మైకుకు చెయ్యి అడ్డం పెట్టి, "బేటీ, పాగల్ పని చెయ్యకు. సాలు పోతది, ఏడాది సదువు ఆగమైతది," అన్నాడు.

ఆమె ఆ చేతిని చూసి గొంతు పెంచింది.

"పోనియ్యిండ్రి! నా సాలు పోతె మల్లొక సాలు వస్తది. మీ మాట పోయి అయిదేండ్లైంది, ఇంక రాలే! మా అమ్మీ నా మీది పావురంతోని, ప్రేమతోని తీస్కున్నది. నేను వాపస్ ఇస్తున్న. అందరి ఫీజు మాఫ్ అని ఓట్లు తీస్కొని, నా ఒక్కదాని ఫీజు కట్టి అందరి నోర్లు మూస్తరా? నా తల మీద చెయ్యి పెట్టి చెప్పిండ్రు! యాదికుందా?"

ఎవడో మైకు తీగ పీకేశాడు. ఖుద్సియా వేదిక అంచుకు వచ్చి కింద ఉన్న తండ్రిని చూసింది.

"అబ్బా, సాటు!"

డోలుకు తీగ అక్కర్లేదు. చాంద్ పాషా చెయ్యి పడిన ఊపుకు ముందు వరసలో కూర్చున్న పటేళ్ళు ఉలిక్కిపడ్డారు. వాపస్ మునాదీ మొదటి మాట నుంచి చివరి మాట దాకా, ఒక్క అక్షరం మింగకుండా, వకీలు ముఖంలోకి చూస్తూ చాటాడు. గొంతు బొంగురుపోయినా ఆపలేదు. "ఝూటా!" అని ముందుగా అరిచింది లింగం. నెమ్మదస్తుడని చెప్పుకున్నామే, ఆ లింగమే. తర్వాత ఎవరు అరిచారో, ఎవరు అరవలేదో చెప్పడం కష్టం.

ఇంత జరిగాక వకీలు ఓడిపోయాడని చెప్తే చెప్పే నాకూ వినే మీకూ సుఖంగా ఉండేది. ఓడలేదు. ఊళ్ళు పటేళ్ళ చేతుల్లో ఉన్నాయి, పటేళ్ళు వకీలు చేతిలో ఉన్నారు. గెలిచాడు. ఫీజు అణా తగ్గలేదు. సంగప్ప తండ్రితో పాటు కూలికి పోతున్నాడు. అక్తరీ బేగం భర్తతో మాటలు మానేసింది. ఆమె కోపం తప్పని అనే ధైర్యం ఎవరికుంది?

ఫలితం తెలిసిన నాడే పట్నంలో బి.ఏ. పరీక్ష మొదలైంది. ఖుద్సియా ఇంట్లోనే ఉంది, పొయ్యి ముందు రొట్టెలు కాలుస్తోంది. తలుపు చప్పుడైతే పిండి చేతులతోనే తీసింది. వకీలు మనిషి మెడలో పూలదండతో నిలబడి ఉన్నాడు.

"సాయంత్రం గెలుపు జులూసు ఉన్నది, ఊరంత తిరుగుతం. వకీల్ సాబ్ జరిగిందంత మర్సిపోయిండు. మీ అబ్బను డోలు తీస్కొని రమ్మన్నడు. ఇంట్ల ఉన్నడా?" అన్నాడు.

"ఉన్నడు," అంది ఖుద్సియా. "రాడు."

తలుపు వేసేసింది.