కర్టెన్ వేసిన గది

మా తరగతి గదికి నీలం కర్టెన్లు నేనే పట్టుబట్టి కుట్టించాను. పొద్దున్నే వాటిని మూసేస్తే ఎండ మెత్తబడి, నీళ్లలా నేలంతా పరుచుకుంటుంది. పిల్లలు అందులో ఈదుతున్నట్టే తిరుగుతారు. ఒకడు బొమ్మను జోకొడతాడు, ఇంకొకతె గోడతో గొడవపడుతుంది. చూస్తూ చూస్తూ నేనూ ఎక్కడికో తేలిపోతాను. ఇది ఉద్యోగమని గుర్తుచేయడానికి పెద్ద మేడం ఉండనే ఉంది.

ఆవిడ ఎక్కడో శిక్షణకు వెళ్లొచ్చి పిల్లల్ని రకాలుగా విడదీసింది. దూకుడు రకానికి ఎర్ర బిళ్ల, కలుపుగోలు రకానికి పసుపు, నిదానం రకానికి ఆకుపచ్చ, ముడుచుకుపోయే రకానికి బూడిదరంగు. బూడిదరంగు వాళ్లు సోమవారం నుంచి పసిపిల్లల గదికి వెళ్లాలట. నాకు ఒళ్లు మండింది. పిల్లలేమైనా గుండీలా, రంగు చూసి డబ్బాలో వేయడానికి?

నా గదిలో ఆ బూడిదరంగు బిళ్ల పిచిక ఒక్కదానికే వచ్చింది. గుప్పెడంత పిల్ల కాబట్టి ఆ పేరు నేనే పెట్టాను. తీరా చూస్తే చేరిన నాటి నుంచీ కిచకిచ అన్నదే లేదు. మునివేళ్ల మీద నడుస్తుంది. చెక్కముక్క మీద చెక్కముక్క చప్పుడు కాకుండా పెడుతుంది. ఎవడైనా ఏడిస్తే పరుగున వెళ్లి వాడి నోటికి చెయ్యి అడ్డం పెడుతుంది. మాటలు రాని పసివాళ్ల మధ్య పడేస్తే ఇది ఇక నోరే విప్పదని నాకు బెంగ పట్టుకుంది.

శుక్రవారం వాళ్లమ్మను పిలిపించారు. ఆమె నర్సు. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా ఇటే వచ్చింది.

"ఇంట్లో వసపిట్టలా వాగుతుందండీ. సాయంత్రమైతే దీని నోరు మూయించలేం" అంది.

"తల్లులందరూ అలాగే అంటారమ్మా. కాసేపు కూర్చుని మీరే చూడండి" అంది మేడం.

ఆమె గోడవార చిన్న కుర్చీలో ఎలాగో ఇమిడి కూర్చుంది. ఆ నీలం వెలుగులో కళ్లు ఎంతసేపు తెరుచుకుంటాయి! తల పక్కకి వాలింది. మేడం ఏదో అనబోయింది.

పిచిక బొమ్మ దుప్పటి తెచ్చి తల్లి ఒళ్లో కప్పింది. మేడం వైపు తిరిగి పెదాల మీద వేలు పెట్టింది.

"ష్! అమ్మ పడుకుంది."

నేను దాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను.

"రోజూ ఇంత నెమ్మదిగా ఉంటావెందుకే?"

"కర్టెన్ వేసుందిగా. కర్టెన్ వేస్తే మాట్లాడకూడదు. నాన్న చెప్పాడు" అంది గుసగుసగా.

"అది మీ ఇంట్లో, అమ్మ పగలు పడుకుంటుంది కాబట్టి. ఇక్కడ రోజూ ఎవరు పడుకుంటారమ్మా?"

పిచిక గదంతా ఒకసారి కలయజూసింది.

"తెలీదు. ఎవరో."

అయ్యో నా తల్లీ! ఇన్నాళ్లూ ఎవరో తెలియని మనిషి నిద్రకి కాపలా కాసిందన్నమాట. నేనేమో ముచ్చటపడి రోజూ పొద్దున్నే కర్టెన్లు మూశాను. నన్ను నేనే నాలుగు తిట్టుకుని, లేచి వెళ్లి వాటిని బర్రున లాగేశాను. ఎండ ఒక్కసారిగా గదిలోకి దూకింది. పిల్లలందరూ కళ్లు చికిలించారు.

వెనక్కి తిరిగేసరికి తల్లి మేలుకునే ఉంది. ఎప్పుడు మెలకువ వచ్చిందో, అంతా విన్నట్టుంది. కళ్లనిండా నీళ్లు.

"లేచావా అమ్మా?" అంది పిచిక, ఇంకా గుసగుసగానే.

"లేచానే. నా బంగారం, అందరం లేచాం. గట్టిగా మాట్లాడు."

పిచిక కిటికీ వైపు చూసింది, నా వైపు చూసింది, గుండెల నిండా గాలి పీల్చుకుంది.

"టీచర్! వాడు రోజూ నా చెక్కముక్కలు లాక్కుంటున్నాడు!"

ఆ అరుపుకి పక్కగదిలో పసివాళ్లు లేచి ఏడుపు లంకించుకున్నారు. మేడం చెవులు మూసుకుని, పిచిక గౌనుకున్న బిళ్ల తనే ఊడదీసింది.

"దీన్ని ఆ గదికి పంపితే వాళ్లు పడుకున్నట్టే!" అంది.

పిచికకు అదేమీ పట్టలేదు. దాని దగ్గర ఇంకా బోలెడన్ని ఫిర్యాదులున్నాయి.