నాలుక చూపించు

“నాలుక చూపించు,” అన్నాడు జ్ఞానశేఖర్, ఆ ఉదయం పదకొండోసారి. ముసలాయన నాలుక చాచాడు. తెల్లటి పూత, అంచుల్లో పళ్ల అచ్చులు. అజీర్తి. మందు కలుపుతున్నాడన్న మాటేగాని జ్ఞానశేఖర్ చూపు వెనక గదిలోని మంచం మీదికే పోతోంది.

బోయిగూడ దవాఖానాలో ఇరవై ఏడేళ్లుగా కాంపౌండరు. సన్నటి మనిషి, వంగిన భుజాలు, వేళ్ల కొసలకు వదలని అయోడిన్ మరక. మొహాలు అతనికి గుర్తుండవు; బజార్లో ఎవరైనా నమస్కారం పెడితే తెల్లబోతాడు. నాలుక చూస్తే మాత్రం మనిషి గుర్తొస్తాడు. వెడల్పువి, సూదిమొనవి, నున్ననివి, బీటలువారినవి. కవలల నాలుకల్లోనూ తేడా పట్టాడు. డాక్టరుగారు విని నవ్వేవారు. ఆయన గొడవలకు భయపడి ఊరు దాటి, ఇంకా తిరిగి రాలేదు.

నిజాము లొంగిపోయి, యూనియన్ ఫౌజు సికింద్రాబాదులో దిగి అయిదు రోజులైంది. నిన్న కాప్రా వైపు నుంచి ఎవరో ఒక మనిషిని బండిలో తెచ్చి దింపి వెళ్లారు. మొహమంతా కాలింది. కళ్లు పూడుకుపోయాయి, మాట లేదు. తెల్లవారి అతని నోట్లో నీళ్లు పోస్తూ జ్ఞానశేఖర్ ఆగిపోయాడు. నడిమి గాడి నుంచి ఆకు ఈనెల్లా పగుళ్లు, కొనకు ఎడమపక్క చిన్న నొక్కు. ఈ నాలుకను తను చూశాడు. ఎప్పుడు? ఎవరిది?

“పొద్దుమీకె దాంక ఉంటే ఎక్కువ సార్,” అంది నర్సు ఆలిస్. “పేరు తెల్వకుంటే మున్సిపాల్టీ బండెక్కిస్తరు. అందరితోటి ఒక్కటే గుంత.”

“నాకెర్కే ఈన. యాదికొస్తలేదు.”

కూర్చోలేడు, నిలబడలేడు. ఒక సీసా మూత ఇంకో సీసాకు పెట్టాడు. నాలుగుసార్లు వెళ్లి మంచం పక్కన నిలబడ్డాడు. ఇన్ని వేల నాలుకలు చూసి, ఒక్కరి పేరూ గుర్తు పెట్టుకోవాలనిపించలేదే అని మొదటిసారి మనసు చివుక్కుమంది.

మధ్యాహ్నం విమలమ్మ కడుపు పట్టుకుని వచ్చింది. వాంతులు.

“ఏం తిన్నవమ్మా?”

“చింతపులుసు. గిన్నెకు తగరం కలాయి పోయింది సార్. ఆ కలాయి పెట్టే సుభాన్ పదిహేను దినాల సంది పత్తా లేడు. ఊర్లమీదికి పోయిండట.”

కలాయి! ఎండాకాలంలో నోరు పూసిందని వచ్చిన మనిషి. కలాయికి చల్లే నవాసాగరం పొగకు నాలుక మండుతోందన్నాడు. ఆ పగుళ్లు, ఆ నొక్కు అతనివే.

“యాడుంటడు?”

“రాంగోపాల్‌పేట్ల. ఏందీ సార్, నా మందు?”

మందు సంగతి ఆలిస్‌కు చెప్పి వీధిలోకి పరుగెత్తాడు. సగం దుకాణాలు మూసే ఉన్నాయి. రాంగోపాల్‌పేట్‌లో మూడు తలుపులు కొట్టినా ఎవరూ పలకలేదు. తెలియని మనిషి తలుపు తడితే పలికే రోజులు కావవి. నాలుగో తలుపు వెనక ఒక ఆడగొంతు వినిపించింది.

“ఎవలు?”

“దవాఖాన కాంపౌండర్‌ను. సుభాన్ ఇల్లేనా?”

సుభాన్ భార్య జాన్ బీ అతని వెంట దవాఖానాకొచ్చి, మంచం మీది మనిషిని ఒక్క చూపు చూసి తల అడ్డంగా తిప్పింది. “కాదు సాబ్. మా ఆయన గిట్లుండడు.” ఆ గొంతులో భయం, ఆశ రెండూ ఉన్నాయి.

జ్ఞానశేఖర్ మళ్లీ మంచం మీదికి వంగాడు. తను పొరబడ్డాడా? రోగి నోరు మెల్లగా తెరిచి పట్టుకున్నాడు. “జెర నాలుక జూడు, చెల్లె.”

ఆమె వంగి చాలాసేపు చూసింది. తర్వాత రోగి చెవిలో అంది: “పిల్లలేడుస్తున్నరు. ఊకోబెట్టవా?”

కాలిన పెదవుల మధ్య నాలుక కదిలింది. అంచులు రెండూ పైకి లేచాయి. కొన వెనక్కి ముడుచుకుని, మూడు రేకుల పువ్వులా ఒక్క క్షణం నిలిచింది.

“ఈయనే,” అంది జాన్ బీ, మంచంపట్టె పట్టుకుని కూలబడుతూ. “గిట్ల మడిచి చూపిస్తేనే మా పిల్లలు ఊకునేది.”

సాయంత్రం నమాజుకు పిలుపు వినిపించే వేళకు, ఆమె చేతిలో చెయ్యి ఉండగానే సుభాన్ ఊపిరి ఆగింది. మున్సిపాల్టీ బండి వచ్చి, ఖాళీగా వెళ్లిపోయింది. చుట్టాలు అతన్ని పేరు పెట్టి ఏడుస్తూ ఇంటికి మోసుకుపోయారు. వెనకే జాన్ బీ ఉత్తకాళ్లతో నడిచింది.

దవాఖానా గడప బయట ఆమె చెప్పులు ఉండిపోయాయి. ఎడమదాని తెగిన పట్టీని ఎవరో తగరపు తీగతో కుట్టి, కాలికి గుచ్చుకోకుండా మొన లోపలికి వంచారు.