వెంకమ్మ కణాలు

వెంకమ్మ పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం జరగనివ్వనని గుడి పెద్ద సత్యం ఆమె భర్త గోవిందుకు కబురంపాడు, తర్వాత తనే వచ్చాడు. వెంట సుధామణినీ తెచ్చాడు.

సుధామణి బర్మాలో స్థిరపడ్డ మన తెలుగువాళ్ల పిల్లే. పీహెచ్‌డీ అయ్యాక యాంగోన్‌లోనే కాలేయం జబ్బుల మీద పరిశోధన చేస్తోంది. వెంకమ్మ జబ్బుతో మంచంలో ఉన్నప్పుడు ఆమె చేతినుంచి చిన్న చర్మపు ముక్క తీసుకుంది. దాన్ని మూలకణాలుగా మార్చి, వాటినుంచి కాలేయ కణాలు పెంచింది. అవి ఇంకా బతికే ఉన్నాయి.

"మనిషిలో కొంత బతికుండగా పిండం ఎవరికి పెడతావురా?" అన్నాడు సత్యం, సేక్కాన్ పేటలోని గోవిందు గది గుమ్మంలో నిలబడి. "సంతకం పెట్టు. ఈ పిల్ల వాటిని పారేస్తాది."

సుధామణి చేతిలో రెండు కాగితాలున్నాయి. పారేయడానికొకటి, కొనసాగించడానికొకటి. నిర్ణయం ఇంటివాళ్లదే. కొనసాగిస్తే గడువు తీరాక మళ్లీ అడగాలి.

"ఆటితో ఏటి సేత్తన్నావమ్మా?" అన్నాడు గోవిందు.

"అత్త ఒంట్లో రాగిని బయటికి పంపే జన్యువు పాడయింది మావా. రాగి అంతా కాలేయంలో పేరుకుపోయింది. ఆ కణాల్లోకి మంచి జన్యువు పంపాను. ఇప్పుడు రాగిని బయటికి తోస్తన్నాయి. మందెప్పటికి అవుద్దో మాత్రం సెప్పలేను."

గోవిందు సత్యం వైపు తిరిగాడు. నిన్నటిదాకా బర్మావాళ్ల పద్ధతిలో 'ఊ సత్యం' అని తను గౌరవంగా పిలిచిన మనిషి.

"దానికి కళ్లు పచ్చబడితే నువ్వేటి సెప్పావు? రాగిచెంబులో నీళ్లు పరగడుపున తాగించమన్నావు. నాలుగేళ్లు తాగించాను. వికారంగా ఉందంటే తిట్టి తాగించాను."

"నాకేటి తెలుసురా! మంచికే సెప్పాను."

"జబ్బు పుట్టుకతోనే ఉంది మావా," అంది సుధామణి. "నీళ్లు దాన్ని పెంచుంటాయి, అంతే."

"పెంచాయి గదా. అది సాలు."

సత్యం గొంతు పెంచాడు. "సంతకం పెట్టకపోతే పంతులు రాడు. మనోళ్లెవరూ నీ గుమ్మం తొక్కరు. దానికి ముక్తుండదు."

"అది ముక్తి అడగలేదు. బతుకు అడిగింది. ఆస్పత్రిలో ఆఖరి పూట దాకా అదే అడిగింది. నువ్వు రాలేదు గాబట్టి నీకు తెలీదు."

కొనసాగించే కాగితం లాక్కుని, గోడకానించి, పేరు పూర్తిగా రాశాడు. పెన్ను గట్టిగా నొక్కడంతో కాగితం ఒకచోట చిరిగింది.

సత్యం మెట్లు దిగిపోయాడు. ఎవరూ ఆపలేదు.

"మళ్లీ ఎప్పుడు అడుగుతారమ్మా?"

"మూడేళ్లకి మావా."

"కాగితం తే. అప్పుడూ పెడతాను."