గొట్టం మీద పేరు

వెర్నా కెస్లర్ పదకొండేళ్లు బడి బస్సు నడిపింది. ఆ తర్వాత ఏడేళ్లు ఆరిన్ టటిల్ ముసలాయన దగ్గర చెకుముకి తుపాకుల పని నేర్చుకుంది. ఏడేళ్లంటే మాటలా! మేపుల్ చెక్క ఆరడానికే మూడేళ్లు కాచుక్కూచోవాలి. ఆమె చేతుల మీదుగా వెళ్లిన ప్రతి తుపాకీ గొట్టం మీదా 'టటిల్' అనే ఉంది. ఉండాలి కూడా, కొట్టు ఆయనది, విద్య ఆయనది. కానీ ఈ తుపాకీ సంగతి వేరు. ముసలాయన చెయ్యి వణుకు పట్టి పనిబల్ల వదిలేశాక, చెక్క మీద మొదటి గీత నుంచి చివరి నూనె పూత దాకా ఆమె ఒక్కతే చేసింది. గొట్టం మీద పేరుండే చోటు మాత్రం ఖాళీగా వదిలింది. నలుగురి ముందూ పేలి గురి కొట్టాక అక్కడ తన పేరు చెక్కుకోవాలని ఆశ. ఆ ఆశని పైకి అనడానిక్కూడా సిగ్గుపడింది, పిచ్చిది!

మే నెలలో పెన్సిల్వేనియా కొండల కింద, నది ఒడ్డున గుడారాలు వెలిశాయి. పాతకాలం సిపాయిల బట్టలు తొడుక్కుని, గుండు లేకుండా ఉత్త మందు పేలుస్తూ ఉత్తుత్తి యుద్ధాలు చేసే జనం వాళ్లంతా. వాళ్ల కెప్టెన్ లైమన్ ప్రూయెట్. వారానికి అయిదు రోజులు పళ్ల డాక్టరు, మిగతా రెండు రోజులూ కెప్టెను. ఆయనకో తుపాకీ కావాలి. వేసవిలో యుద్ధాలకీ, శీతాకాలం వేటకీ అదే పనికిరావాలి. లోపల నున్నటి గొట్టం కాబట్టి, సన్న సీసం రవ్వలు పోస్తే పిట్టకీ, గుండు పెడితే దుప్పికీ సరిపోతుంది.

ప్రూయెట్ తుపాకీని అటూ ఇటూ తిప్పి చూశాడు. భుజానికి ఆనించాడు. ముఖం వెలిగింది.

"అబ్బ, టటిల్ గారూ, మీ చెయ్యే చెయ్యి!"

"నా చెయ్యి కాఫీ కప్పే పట్టలేకపోతోంది నాయనా. అది మా వెర్నా చేసింది" అన్నాడు ముసలాయన, మొద్దు మీద కూచుని.

ప్రూయెట్ ముఖం కాస్త వాడింది. "ఆమె చేస్తే చేసింది లెండి. పేరు మాత్రం మీదే చెక్కించండి. టటిల్ తుపాకీ అంటే ఆ విలువే వేరు."

వెర్నా మాస్టారి వైపు చూసింది. ఆయన నదికేసి చూస్తున్నాడు. ఒక్కమాట అనొచ్చుగా!

"ముందు పేల్చి చూడండి కెప్టెన్ గారూ. పేరు సంగతి తర్వాత" అంది.

ఆ మైదానంలో ఒక కట్టుబాటుంది. తుపాకీ నింపేవాడితో ఎవరూ మాట్లాడకూడదు. ప్రూయెట్ మందు కొమ్ములోంచి చిన్న కొలత గిన్నెలోకి మందు కొలిచాడు. సరిగ్గా అప్పుడే పొయ్యి దగ్గర్నుంచి వాళ్లక్క ఒడెస్సా కేకేసింది.

"ఒరే లైమన్! ఉప్పెక్కడ తగలేశావురా?"

"నీ ఎదురుగానే ఉంది చూడు, కళ్లకేమొచ్చింది!" అంటూ ఈయన వెనక్కి తిరిగాడు. అక్కాతమ్ముళ్లు ఉప్పు గురించి కాసేపు వాదులాడుకున్నారు. మళ్లీ ఇటు తిరిగి గుడ్డలో చుట్టిన గుండు పెట్టి, కడ్డీతో కూరాడు. గొట్టం పక్కనుండే చిన్న పళ్లెంలో చిటికెడు మందు వేసి, గురి చూసి మీట నొక్కాడు.

చెకుముకి రాయి నుంచి నిప్పురవ్వలు రాలాయి. పళ్లెంలో మందు భగ్గుమంది. అంతే, గొట్టం నోరు విప్పలేదు. రెండోసారీ అంతే, మూడోసారీ అంతే. చుట్టూ నలభై మంది పోగయ్యారు.

"నిప్పు లోపలికి పోవట్లేదు. పక్కన తొలిచిన చెవి తప్పు" అన్నాడు ప్రూయెట్, అందరూ వినేలా. "బస్సు తోలినంత తేలికా ఇది? ఇది ఆమె పనితనం."

ఆడలేక మద్దెల ఓడన్నట్టు! కానీ వెర్నా ఆ మాట నమ్మేసింది. పళ్లెంలోంచి గొట్టంలోకి నిప్పు పోయే ఆ సన్న చిల్లు, ఆ చెవి తొలిచేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టింది, రెండు రోజులు దానికేసే చూస్తూ కూచుంది. నిజంగా తప్పేనేమో. తనలాంటిదానికి పేరెందుకు, ఏడుపు కాకపోతే! మాస్టారు ఇప్పుడూ నోరు మెదపలేదు.

అయినా చేతికి అలవాటైన పని చెయ్యి చేసుకుపోయింది. తుపాకీ అందుకుని, గొట్టం గురివైపే ఉంచి, ఆలస్యంగా పేలుతుందేమోనని నిమిషం ఆగింది. పళ్లెం తుడిచింది. కడ్డీ దింపి చూసింది. మందూ గుండూ నిండితే కడ్డీ ఎక్కడిదాకా దిగాలో, అక్కడ కడ్డీ మీద ఆమె ముందే ఒక గీత గీసిపెట్టింది. ఆ గీత గొట్టం మూతి దగ్గర ఆగకుండా వేలి కణుపంత లోపలికి మునిగింది. అంటే గుండు కింద మందు లేదు.

ప్రూయెట్ దగ్గరికెళ్లి చెవిలో చెప్పింది. "మందు పోయలేదండీ మీరు."

పరువు దక్కాలనే కదా చెవిలో చెప్పింది! ఆయన మాత్రం ఆకాశం దద్దరిల్లేలా అరిచాడు. "ఏమిటీ? నేను మందు మరిచిపోయానా? ఇరవై ఏళ్ల నుంచి నింపుతున్నాను!"

"మరి ఇదేమిట్రా?" అంది ఒడెస్సా. కొలిచిన మందు కొలిచినట్టే, గిన్నెతో సహా పక్క మొద్దు మీద ఉంది.

నవ్వలేక చచ్చారు జనం. మందు మరిచినవాడి మెడలో చెక్క గుండు వేలాడదీయడం అక్కడి ఆచారం. ఎవరో పరుగున తెచ్చి కెప్టెన్ మెడలో వేశారు. వెర్నా నవ్వలేదు. గొట్టం చెవిలోంచి నాలుగు రేణువుల మందు లోపలికి తోసి, గుండుని మళ్లీ కూరి పేల్చింది. తుస్సుమని గుండు పది గజాల అవతల గడ్డిలో పడింది.

"ఇప్పుడు నింపండి. అక్కగారూ, మీరు ఓ నిమిషం ఉప్పు మాటెత్తకండి."

ఈసారి చీమ చిటుక్కుమనలేదు. ఢామ్మని కొండలు మారుమోగాయి. యాభై గజాల దూరంలో గురి పలక నడుమ చిల్లు పడింది.

ప్రూయెట్ తుపాకీని గుండెకి హత్తుకున్నాడు. "తీసుకుంటాను. మరి టటిల్ గారూ, మీ పేరు..."

"ఆయన చెయ్యి వణుకుతుంది. ఆయన పేరైనా నేనే చెక్కాలి" అంది వెర్నా. "పేలనప్పుడు నా పనితనం, పేలితే ఆయన పేరూనా? నా పేరుంటేనే ఇది మీది. లేదంటే ఇలా ఇవ్వండి, జనవరిలో దుప్పి వేటకి నాకే కావాలి."

ఎవరూ నవ్వలేదు. ప్రూయెట్ మెడలో చెక్క గుండుని తడుముకున్నాడు.

"చెక్కమ్మా" అన్నాడు చివరికి. "నలభై మంది ముందు తిట్టాను. వాళ్ల ముందే చెక్కు."

ఆమె సంచీలోంచి ఉలి తీసింది. గంట పట్టింది. అయ్యాక తుపాకీని మాస్టారి ఒళ్లో పెట్టింది.

"ఒక్కమాటైనా అనలేదేం మాస్టారూ?"

"ఆ గొట్టం మూగబోవడం వినగానే తెలిసింది నాకు, మందు లేదని. నేను చెబితే అది నా తుపాకీ అయిపోయేది తల్లీ."

అద్దాలు పెట్టుకున్నా ఆయనకి ఆ సన్న అక్షరాలు ఆనవు. బొటనవేలితో ఒక్కోటీ తడుముకుంటూ వెళ్లాడు. తలెత్తి, గుడారాలన్నిటికీ వినబడేలా చదివాడు.

"వెర్నా కెస్లర్!"

ఆమె ఏడ్చేసింది. ఏడవదూ మరి!