కోయని మూల

కిషన్‌బాగ్ దాటాక, మూసీ ఒడ్డున సుందరమ్మ కౌలుకు తీసుకున్న గడ్డిమడి ఉంది. తెల్లారగానే ఆమె, కొడుకు ప్రేమ్‌రాజ్ గడ్డి కోసి మోపులు కడతారు. కైలాసం సేఠ్ బర్రెలు ఆ గడ్డి తింటాయి. బస్తీ అంతా ఆ పాలు తాగుతుంది. కోసిన గడ్డి మర్నాటికల్లా మళ్లీ మోకాలెత్తు లేస్తుంది, అందులో వింతేమీ లేదు. ఒక మూల మాత్రం కొడవలి పెట్టకూడదు. ఆ మూల సుందరమ్మ భర్త ఇస్సాకు. కరువు ఏడాది మూలగడ్డి కోసింది అతనే, తర్వాత వెళ్లి అక్కడ నిలబడి గడ్డైపోయిందీ అతనే.

చాయ్ హోటళ్లు పెరిగాయి. కైలాసం కొత్త బర్రెలు కొన్నాడు.

"ఇంకో రెండు మోపులు గావాలె ప్రేమ్‌రాజ్. నీతోని గాకుంటే చెప్పు, వేరేటోళ్లను చూస్కుంట."

"ఫికర్ జెయ్యకు సేఠ్, తెస్త."

"మీ బాపు జోలికి పోకు బిడ్డా," అంది సుందరమ్మ.

"బర్లు ఆకలికి ఒర్లుతుంటే బాపు ఊకుంటుండెనా?" అన్నాడు ప్రేమ్‌రాజ్.

ఆదివారం తల్లి చర్చికి వెళ్లినప్పుడు మూలంతా కోసేశాడు. ఆ పూట పాల మీద మీగడ మందంగా కట్టింది. కైలాసం మురిసిపోయాడు.

సోమవారం మడిలో ఒట్టి బురద. ఇంట్లో ప్రేమ్‌రాజ్ కాలివేళ్ల సందుల్లో పచ్చగా మొలకలు. భార్య సోనీ పీకేసింది. పీకిన కొద్దీ వచ్చాయి. కైలాసం దొడ్లో బర్రెల అరుపులకు బస్తీకి నిద్ర లేదు. పాలు దొరక్క ఖాళీ డబ్బాలతో తిరిగిపోయేవాళ్లు అతని గుమ్మం దగ్గర ఆగి, కాళ్ల వంక చూసి వెళ్లిపోయారు. వాళ్ల ఇళ్లలోనూ పసిపిల్లలున్నారు మరి.

అతని కాళ్ల మీద గడ్డి మోకాళ్లు దాటిన రోజు సుందరమ్మ కొడుకు చెయ్యి పట్టుకుని మడికి నడిపించింది.

"భయమైతుందే అమ్మా."

"నేను రోజొస్త కదరా."

అతను మూలలో నిలబడ్డాడు. ఆమె ఏడుస్తూ అతని పాదాల చుట్టూ బురద అదిమింది.

మర్నాడు మడి నిండా గడ్డి లేచింది. సాయంత్రం కైలాసం తనే క్యాను నిండా పాలు తెచ్చి, తల ఎత్తకుండా గడపలో పెట్టి పోయాడు. ప్రేమ్‌రాజ్ కూతురు స్వీటీ గ్లాసు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

సుందరమ్మ క్యాను మూత గట్టిగా బిగించింది. మనవరాలి గ్లాసులో నల్ల చాయ్ పోసింది.

"పాలేవి నాయినమ్మా?"

"బస్తీకియ్యాలె బిడ్డా," అంది సుందరమ్మ. "మనం తాగొద్దు."